ఒంట్లు వచ్చిన బిడ్డకు లెక్క ఎప్పుడు వస్తుంది?

ఒంట్లు వరుసగా అప్పజెప్పడం, ఎదురుగా ఉన్న వస్తువులు ఎన్నో చెప్పగలగడం అనే ఈ రెండూ పెద్దల కంటికి ఒకే విద్యగా కనిపించినా, పసిబిడ్డ మనసులో అవి వేర్వేరుగా మొలకెత్తి, ఏడాదికి పైగా ఒకదానితో ఒకటి పెద్దగా సంబంధం లేకుండానే పెరిగి, ఆ తర్వాత గాని కలవవు. రెండున్నరేళ్ల బిడ్డ పది వరకు తడబడకుండా చెప్పినంత మాత్రాన ఆ బిడ్డకు 'మూడు' అనే మాటకు అర్థం తెలిసిందని అనుకోవడానికి వీలు లేదు. ఆ వయసులో ఒంట్లు లాలిపాటలోని చరణం లాంటివి, ఒక మాట తర్వాత మరొక మాట రావాలని నాలుకకు తెలుసు గాని ఏ మాట ఎంతను సూచిస్తుందో మనసుకు ఇంకా తెలియదు. ఈ రెంటి మధ్య ఎడం ఎంత ఉంటుందో, అది ఏ మెట్ల మీదుగా పూడుతుందో శిశు మనోవిజ్ఞాన శాస్త్రం గత యాభై ఏళ్లలో చాలావరకు తేల్చగలిగింది; ఒకటికి మించిన భాషల నడుమ పెరిగే పిల్లల విషయంలో తేలిన సంగతులు మరీ ఆసక్తికరమైనవి.

అలాంటి పిల్లలు పెరిగే చోట్లలో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ ఒకటి, ఆ రైల్వే పట్టణంలో కుదుదండ్ ఒక పేట. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే బిలాస్‌పూర్‌ను ప్రధాన కూడలిగా చేసుకుంది. అదే కంపెనీ 1902లో తూర్పు కోస్తా మార్గపు ఉత్తర భాగాన్ని కూడా తన కిందికి తెచ్చుకోవడంతో ఉత్తరాంధ్ర జిల్లాలూ ఛత్తీస్‌గఢ్ మైదానమూ ఒకే యాజమాన్యం కిందికి వచ్చాయి. 1931లో విజయనగరం–రాయ్‌పూర్ మార్గం పూర్తయ్యాక రాకపోకలు మరింత సులువయ్యాయి. ఆ పట్టాల వెంట కొలువులకు వెళ్లినవారి సంతతి ఇళ్లలో నేటికీ తెలుగు వినిపిస్తుంది. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్ర స్థానమైన ఈ నగరంలో బడి భాష హిందీ, వీధి భాష హిందీతో కలగలిసిన ఛత్తీస్‌గఢీ. అంటే అక్కడి తెలుగింటి బిడ్డకు అమ్మమ్మ చెప్పే 'ఒకటి, రెండు, మూడు', అంగన్‌వాడీలో వినిపించే 'ఏక్, దో, తీన్', సంతలో కూరగాయలమ్మే మనిషి అనే 'ఏక్ ఠన్, దూ ఠన్' దాదాపు ఒకే కాలంలో చెవిన పడతాయి. ఇన్ని వరుసలు విన్న బిడ్డకు లెక్క ఆలస్యమవుతుందా, త్వరగా వస్తుందా అనే ప్రశ్నకు జవాబు వెతకాలంటే ముందు ఒక్క వరుసతోనైనా లెక్క ఎలా వస్తుందో చూడాలి.

మాటలు రాకముందే బిడ్డకు రాశుల పట్ల కొంత ఎరుక ఉంటుంది. ఆరు నెలల పసికందులు ఎనిమిది చుక్కలున్న బొమ్మకూ పదహారు చుక్కలున్న బొమ్మకూ తేడా పసిగట్టగలరనీ, ఎనిమిదికీ పన్నెండుకూ మధ్య తేడాను మాత్రం గుర్తించలేరనీ ఫే షూ, ఎలిజబెత్ స్పెల్కీ 2000లో చూపించారు. దీన్ని అందాజు శక్తి అనవచ్చు. రెండు రాశుల మధ్య తేడా తగినంత పెద్దదైతేనే అది పనిచేస్తుంది, పక్షులకూ చేపలకూ కూడా ఎంతో కొంత ఉంటుంది. దీనికి తోడుగా ఒకటి, రెండు, మూడు వంటి చిన్న రాశులను లెక్కపెట్టకుండానే చూపుతో పోల్చుకునే శక్తి ఇంకొకటి ఉంది. ఆర్థికశాస్త్రవేత్తగా పేరుపొందిన విలియం స్టాన్లీ జెవొన్స్ గుప్పెడు గింజలను పెట్టెలోకి విసిరి, ఒక్క చూపులో ఎన్ని పడ్డాయో చెప్పే పరీక్ష తన మీద తానే వెయ్యికి పైగా సార్లు పెట్టుకుని, 1871లో 'నేచర్' పత్రికలో ఫలితం ప్రకటించాడు: మూడు, నాలుగు గింజల వరకు ఆయన ఒక్కసారి కూడా పొరబడలేదు, ఐదు దగ్గర తప్పులు మొదలయ్యాయి. గవ్వలాటలో పడిన గవ్వల్లో వెల్లకిలా ఉన్నవి మూడో నాలుగో ఎవరూ వేలు పెట్టి లెక్కించకపోవడానికి కారణం ఇదే.

ఐదు నెలల బిడ్డ ముందు ఒక బొమ్మను తెర వెనక పెట్టి, మరొక బొమ్మను చేర్చి, తెర తీసేసరికి ఒకటే బొమ్మ మిగిలి ఉంటే ఆ బిడ్డ ఎక్కువసేపు చూస్తూ ఉండిపోతుందని కేరెన్ విన్ 1992లో ప్రకటించినప్పుడు పసిపిల్లలకు కూడికలు వచ్చునన్న వార్త లోకమంతా పాకింది. ఆ ప్రయోగాన్ని తర్వాత చేసినవారందరికీ అదే ఫలితం రాలేదు. వచ్చినచోట కూడా అది కూడిక అనాలా, చిన్న రాశిని గుర్తుపెట్టుకోవడం అనాలా అన్న చర్చ సాగింది. ఏమైనా, ఈ పుట్టుశక్తులలో ఏదీ పదిహేడుకూ పద్దెనిమిదికీ తేడా చెప్పలేదు. అది చెప్పాలంటే మాటల వరుస కావాలి, వేలు కావాలి, ఆ రెంటినీ కలిపే నియమం కావాలి.

ఆ నియమాలను రోషెల్ గెల్మన్, సి. ఆర్. గాలిస్టెల్ 1978లో వెలువరించిన గ్రంథంలో స్పష్టంగా విడదీశారు. ఒక్కో వస్తువుకు ఒక్కో మాట, ఒకే ఒక్క మాట దక్కాలన్నది మొదటిది. ఆ మాటలు ప్రతిసారీ అదే వరుసలో రావాలన్నది రెండవది. చివరి వస్తువు మీద పడిన మాటే మొత్తం రాశికి పేరవుతుందన్నది మూడవది, అన్నిటికంటే కష్టమైనది. పెన్సిళ్లైనా పిల్లులైనా చప్పట్లైనా ఇదే పద్ధతిలో లెక్కించవచ్చనీ, కుడి నుంచి మొదలుపెట్టినా ఎడమ నుంచి మొదలుపెట్టినా మొత్తం మారదనీ వారు మరి రెండు నియమాలు చేర్చారు. రెండవ నియమం కోరేది వరుస తప్పకపోవడమే గాని, ఫలానా మాటలే ఉండాలని కాదు. ఈ సంగతి తెలుగు కళ్లాలలో ధాన్యం కొలిచేవారికి ఏ గ్రంథమూ చదవకుండానే తెలుసు: మొదటి కుంచానికి 'ఒకటి' అనకుండా 'లాభం' అని మొదలుపెడతారు, 'ఏడు' అన్న మాటలో ఏడుపు వినిపిస్తుందని 'ఆరున్నొక్కటి' అనే అలవాటు కూడా ఉంది. మాట మారినా లెక్క చెడలేదు, ఎందుకంటే ఆ మాట ఎప్పుడూ అదే చోట వస్తుంది. పసిబిడ్డ 'ఒకటి, రెండు, ఐదు' అని ప్రతిసారీ అదే తప్పు వరుస చెబుతూ, మూడు గోళీల మీద మూడు మాటలు సరిగ్గా పెడితే, గెల్మన్ లెక్క ప్రకారం ఆ బిడ్డ నియమం పాటిస్తున్నట్టే; పెద్దలు మాత్రం తప్పని దిద్దుతారు.

మొదటి నియమం వినడానికి తేలిక, చేతికి కష్టం. వేలు ఒక వేగంతో కదులుతుంది, నోరు ఇంకొక వేగంతో కదులుతుంది. వేలు రెండు వస్తువులు దాటేలోగా నోటి నుంచి ఒక్క మాటే రావచ్చు, లేదా ఒకే వస్తువు మీద 'ప-ది' అని రెండు ముక్కలుగా పలికి రెండుసార్లు పొడవవచ్చు. కేరెన్ ఫ్యూసన్ 1988 నాటి గ్రంథంలో ఇలాంటి తప్పులను ఓపికగా వర్గీకరించింది. వస్తువులు బారుగా ఉంటే తప్పులు తక్కువ. వలయంగా ఉంటే ఎక్కడ మొదలుపెట్టిందీ మరిచిపోయి బిడ్డ తిరుగుతూనే ఉంటుంది. నాలుగేళ్ల పిల్లలు తమ వేలితో తాము చూపుతూ లెక్కించినప్పుడు బాగా లెక్కించారనీ, చూపవద్దని ఆపినప్పుడు తప్పులు పెరిగాయనీ మార్తా అలిబాలి, అలిస్సా డిరుస్సో 1999లో చూపించారు. వేలు పెట్టడం మొద్దుతనం అనుకుని మందలించే పెద్దలు ఈ ఫలితాన్ని తెలుసుకోవడం మేలు. చింతపిక్కలను రెండు వరుసల్లో ఏడేసి గుంటల చొప్పున ఒక్కో గుంటలో ఒక్కొక్కటిగా విడుచుకుంటూ పోయే వామనగుంటల ఆట ఈ మొదటి నియమానికి చేతి సాధనే: గుంట దాటితే పట్టుబడతారు, రెండు పిక్కలు వేసినా పట్టుబడతారు, దిద్దడానికి ఉపాధ్యాయులు అక్కర్లేదు, ఎదుటి ఆటగత్తె చాలు.

అసలు చిక్కు మూడవ నియమంలో ఉంది. ఐదు గోళీలను సరిగ్గా 'ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు' అని లెక్కించిన మూడేళ్ల బిడ్డను, 'అయితే ఎన్ని ఉన్నాయి?' అని అడిగితే తరచు వచ్చే జవాబు 'ఐదు' కాదు. బిడ్డ మళ్లీ మొదటి నుంచి లెక్కించడం మొదలుపెడుతుంది. 'ఎన్ని' అన్న ప్రశ్న ఆ బిడ్డకు 'లెక్కించు' అన్న ఆజ్ఞలా వినిపిస్తుంది. కొందరు 'ఐదు' అని చివరి మాటనే తిరిగి చెప్పినా, అది పెద్దలు మెచ్చుకునే జవాబు అని నేర్చుకున్న అలవాటే కావచ్చు. నిజంగా తెలిసిందా లేదా అన్నది తేల్చడానికి కేరెన్ విన్ 1990లో ప్రశ్నను తలకిందులు చేసింది: బిడ్డ ముందు ఒక రాశి బొమ్మలు పోసి, 'మూడు ఇవ్వు', 'ఐదు ఇవ్వు' అని అడగడమే ఆ పరీక్ష. పది వరకు లెక్కించగల పిల్లలు కూడా 'మూడు ఇవ్వు' అంటే గుప్పెడు బొమ్మలు తీసి ఇచ్చేశారు. లెక్కపెట్టి ఇవ్వవచ్చునన్న ఆలోచనే వారికి తట్టలేదు.

ఈ చిన్న పరీక్ష తర్వాతి పరిశోధనకంతటికీ వెన్నెముక అయింది, ఎందుకంటే దానితో ఒక క్రమం బయటపడింది. ముందు బిడ్డకు 'ఒకటి' మాత్రమే తెలుస్తుంది: ఒకటి అడిగితే ఒకటే ఇస్తుంది, మిగిలిన ఏ సంఖ్య అడిగినా చేతికి వచ్చినన్ని ఇస్తుంది. కొన్ని నెలలకు 'రెండు' స్థిరపడుతుంది. అప్పుడు మూడు, నాలుగు, తొమ్మిది అన్నీ ఆ బిడ్డకు 'బోలెడు' అనే ఒకే మూటలో ఉంటాయి. మరి కొన్ని నెలలకు 'మూడు', కొందరికి 'నాలుగు'. ఒక్కో మాట అర్థాన్ని బిడ్డ విడివిడిగా, శ్రమపడి సంపాదిస్తుందన్నమాట. ఆ పైన 'ఐదు'కు మరికొన్ని నెలలు, 'ఆరు'కు మరికొన్ని నెలలు పట్టాలి గదా; కాని అలా జరగదు. మూడో నాలుగో తెలిశాక, సాధారణంగా మూడున్నర నాలుగేళ్ల ప్రాంతంలో, బిడ్డకు ఒక్కసారిగా ఐదు, ఆరు, ఏడు, తనకు వరుసలో వచ్చినన్ని అన్నీ అర్థమైపోతాయి. చూపుతో పోల్చుకోగల రాశులు ఎక్కడ ముగుస్తాయో అక్కడే ఈ గెంతు వస్తుంది; జెవొన్స్ గింజలు ఆగిన చోటే. వరుసలో ఒక మాట ముందుకు జరగడం అంటే రాశిలో ఒక వస్తువు పెరగడమేనని, తనకు తెలిసిన ఒకటి, రెండు, మూడుల పోలికతో బిడ్డ గ్రహిస్తుందని సూసన్ కేరీ వాదన. ఈ వివరణ పూర్తిగా సరిపోదనే వారూ ఉన్నారు. గెంతు వచ్చిన తర్వాత కూడా, పెట్టెలో ఐదు ఉండగా ఇంకొకటి వేస్తే ఆరా, ఏడా అని అడిగితే చాలామంది పిల్లలు కొంతకాలం తికమకపడతారు.

శిశు మనోవిజ్ఞానవేత్త జీన్ పియాజే పేరు ఇంతవరకు రాకపోవడం కొందరికి వింతగా తోచవచ్చు. రెండు వరుసల్లో సమానంగా ఉన్న బిళ్లలలో ఒక వరుసను ఎడంగా జరిపితే అందులోనే ఎక్కువ ఉన్నాయని ఆరేళ్ల లోపు పిల్లలు అంటారని ఆయన 1941 నాటి గ్రంథంలో చూపించి, సంఖ్యాజ్ఞానం ఆలస్యంగా వస్తుందని నిర్ణయించాడు. బిళ్లల బదులు మిఠాయి బిళ్లలను పొట్టి వరుసలో ఎక్కువ ఉండేలా పెట్టి 'నీకు ఏ వరుస కావాలో తీసుకో' అంటే చిన్నపిల్లలు కూడా ఎక్కువ ఉన్న వరుసనే ఎంచుకున్నారని మేలర్, బీవర్ 1967లో ప్రకటించారు. ప్రశ్న అడిగే తీరు జవాబును ఎంత మారుస్తుందో తెలియజెప్పినందుకు ఈ వాదం విలువైనది, అంతకు మించి ఇక్కడ అవసరం లేదు.

ఇక భాష సంగతి. ఒకటి, రెండు, మూడు అన్న మాటలకు అర్థం ఎంత త్వరగా దొరుకుతుందన్నది కొంతవరకు వ్యాకరణం మీద ఆధారపడుతుంది. ఏకవచన బహువచన భేదం తప్పనిసరిగా లేని జపానీ భాషలో పిల్లలు 'ఒకటి'ని ఇంగ్లీషు, రష్యన్ పిల్లల కంటే ఆలస్యంగా నేర్చుకుంటారని 2007లో తేలింది. రెంటికి ప్రత్యేకంగా ద్వివచనం ఉన్న స్లొవేనియన్, సౌదీ అరబిక్ పిల్లలకు 'రెండు' తొందరగా పట్టుబడుతుందని 2013లో వెలువడిన మరొక పరిశోధన చెప్పింది. ఈ వెలుగులో తెలుగును చూస్తే బిడ్డకు అందే ఆసరాలు తక్కువేమీ కావు. ఒక పెన్సిలు, రెండు పెన్సిళ్లు అని సంఖ్య పక్కన బహువచనం ఉండనే ఉంటుంది. హిందీలో 'ఏక్ ఘర్, దో ఘర్' అన్నప్పుడు ఇల్లు మారదు. లెక్కకు అందేవాటికి 'ఎన్ని', మనుషులకు 'ఎందరు', నీళ్లకూ బియ్యానికీ 'ఎంత' అని తెలుగు ప్రశ్నలోనే దారులు విడిపోతాయి గనుక, 'ఎన్ని' అని వినగానే విడివిడి వస్తువులను చూడాలన్న సూచన బిడ్డకు దొరుకుతుంది. మనుషులకు వచ్చేసరికి మాత్రం భారం పెరుగుతుంది: రెండు కుర్చీలు, ఇద్దరు పిల్లలు, మూడు కుర్చీలు, ముగ్గురు పిల్లలు. నలుగురు, ఐదుగురు దాటి ఏడుగురి వరకు సాగి, ఎనిమిది దగ్గర ఈ వరుస అలసిపోయి 'ఎనిమిది మంది'గా తేలిపోతుంది. కుదుదండ్ వీధిలో వినిపించే ఛత్తీస్‌గఢీ కూడా వస్తువులకు 'తీన్ ఠన్', మనుషులకు 'తీన్ ఝన్' అంటూ అదే భేదం పాటిస్తుంది. అయితే అక్కడ సంఖ్య మారదు, వెనక తోక మాత్రమే మారుతుంది. ఎక్కడో దూరాన ఉన్న రెండు భాషాకుటుంబాలు మనిషినీ వస్తువునూ ఒకే కాటాలో తూచకూడదని ఒప్పుకున్నట్టుగా ఉంటుంది ఈ పోలిక.

రెండు భాషల బిడ్డకు ఆ మాటలన్నీ రెండుసార్లు నేర్చుకోక తప్పదా? ఈ ప్రశ్నను కేటీ వాగ్నర్, డేవిడ్ బార్నర్, వారి సహచరులు అమెరికాలో ఇంగ్లీషుతో పాటు స్పానిష్ గాని ఫ్రెంచి గాని మాట్లాడే చిన్నారుల మీద పరిశీలించి 2015లో ఫలితం వెల్లడించారు. అది రెండు ముక్కలుగా ఉంది. ఒకటి, రెండు, మూడు అన్న చిన్న మాటల అర్థాలు ఒక భాషలో తెలిసినంత మాత్రాన రెండవ భాషలోకి రావు; వాటిని ప్రతి భాషలోనూ కొత్తగా సంపాదించుకోవలసిందే. చివరి మాటే మొత్తానికి పేరు అన్న నియమం మాత్రం ఒక భాషలో ఒకసారి పట్టుబడితే రెండవ భాషలోకి కూడా వస్తుంది. దీన్ని కుదుదండ్‌కు అన్వయిస్తే, తెలుగులో 'రెండు ఇవ్వు' అంటే సరిగ్గా ఇచ్చే బిడ్డ 'దో దో' అంటే గుప్పెడు ఇవ్వడం బుద్ధిమాంద్యం కాదు, ఆ మాటకు ఇంకా అర్థం దొరకలేదంతే. 'దో' అంటే రెండు, 'దో' అంటే ఇవ్వు అన్న హిందీ చమత్కారం ఈ చిక్కును ఇంకొంచెం ముదరబెడుతుంది. కాని అదే బిడ్డ అమ్మమ్మ దగ్గర తెలుగులో ఏడు చిక్కుడుకాయలు లెక్కించి ఇవ్వడం నేర్చిన తర్వాత, అంగన్‌వాడీలో 'సాత్' వరకు వరుస వస్తే చాలు, లెక్క వేరే నేర్పనక్కర్లేదు. ఇంట్లో తెలుగులో లెక్కిస్తే బడి హిందీ వెనకబడుతుందన్న భయానికి, కనీసం ఈ వయసు వరకు, ఆధారం లేదు.

పది దాటాక పరిస్థితి తిరగబడుతుంది. తెలుగు వరుసలో పదకొండు నుంచి పందొమ్మిది వరకు ఉన్న మాటలు కొంత అరిగిపోయినా, పదమూడులో పది, మూడు రెండూ వినిపిస్తూనే ఉంటాయి. ఇరవై దాటాక ఇక దాపరికమే లేదు, ఇరవై ఒకటి, ఇరవై రెండు, తొంభై తొమ్మిది వరకు అన్నీ పైకి కనిపించే అతుకులే. మొదటి పందొమ్మిది మాటలూ, ఇరవై నుంచి తొంభై వరకు ఎనిమిది పదుల పేర్లూ, మొత్తం ఇరవై ఏడు మాటలు వస్తే వంద ముందరి వరకు చేరవచ్చు. హిందీలో ఆ సౌకర్యం లేదు. ప్రాకృతాల మీదుగా వచ్చిన మాటలు అరిగి, కరిగి, ఇక్కీస్, బాయీస్, తేయీస్, చౌబీస్ అని ఒక్కొక్కటీ తన తీరులో తాను నిలిచాయి; వాటిని దాదాపు విడివిడిగా బట్టీపట్టాల్సిందే. అది చాలనట్టు ఇరవై తొమ్మిది 'ఉన్‌తీస్', అంటే ముప్పైకి ఒకటి తక్కువ; ముప్పై తొమ్మిది 'ఉన్‌తాలీస్', నలభైకి ఒకటి తక్కువ. బిడ్డ ఇంకా చేరని పదిని పేరులో ముందే తలచుకోవాలి. ఈ అలవాటుకు లొంగి డెబ్బై తొమ్మిది వరకు వచ్చిన బిడ్డకు ఎనభై తొమ్మిది దగ్గర 'నవాసీ' అని, తొంభై తొమ్మిది దగ్గర 'నిన్యానవే' అని నియమం మళ్లీ తప్పుతుంది.

ఈ తేడా ఉచ్చారణతో ఆగిపోదు. కాంటనీస్, స్లొవేనియన్, ఇంగ్లీషు అనే కొంత పారదర్శకమైన వరుసలున్న భాషలనూ, హిందీ, గుజరాతీ అనే మసక వరుసలున్న భాషలనూ మాట్లాడే మూడున్నర నుంచి ఆరున్నరేళ్ల పిల్లలను రోజ్ ష్నైడర్, సహచరులు పరీక్షించి 2020లో ప్రకటించిన దాని ప్రకారం, మసక వరుసలున్న భాషల పిల్లలు లెక్కించడంలోనే గాక, ఏ సంఖ్యకైనా దాని తర్వాత ఒకటి ఉంటుందన్న ఎరుకలో కూడా వెనక ఉన్నారు; వరుసలోని నియమాన్ని పట్టుకున్న పిల్లలకు ఈ ఎరుక కూడా దాదాపు అన్ని భాషల్లోనూ కలిగింది. ఇంగ్లీషు పిల్లలు ఇరవై తొమ్మిది తర్వాత 'ఇరవై పది' అంటారు. అది తప్పే గాని బట్టీ పట్టినవారు చేసే తప్పు కాదు, నియమం కనిపెట్టినవారు చేసే తప్పు. తెలుగు వరుస కూడా అలాంటి మంచి తప్పుకు చోటిస్తుంది. ఇక్కీస్, బాయీస్‌ల వరుసలో అంత మంచి తప్పు చేయడం కూడా కష్టం.

బడికి ముందు ఆటలతో ఇవన్నీ నేర్పితే సరిపోతుందా అంటే, ఢిల్లీలో 214 పూర్వ ప్రాథమిక కేంద్రాల్లో జరిపి 2017లో 'సైన్స్' పత్రికలో ప్రచురించిన పరిశోధన తొందరపడవద్దంటుంది. రాశులను అందాజుగా పోల్చే ఆటలు ఆడిన పిల్లలకు ఆ అందాజు శక్తి ఏడాదికి పైగా మెరుగ్గా నిలిచింది, బడిలోని లెక్కలకు మాత్రం అది అక్కరకు రాలేదు. గుర్తులూ మాటలూ ఆటలో కలవకపోవడమే లోపమని పరిశోధకులు అనుమానించారు. అమెరికాలో రాబర్ట్ సీగ్లర్, గీతా రమణి చేసిన ప్రయోగాలు ఆ అనుమానానికి బలమిస్తాయి: ఒకటి నుంచి పది వరకు అంకెలు వేసిన గళ్ల మీద కాయ జరుపుతూ, గడిలోని అంకెను పైకి చదువుతూ ఆడిన పేదపిల్లలు పావుగంట చొప్పున నాలుగు విడతల్లోనే ముందడుగు వేశారు, రంగుల గళ్ల మీద అదే ఆట ఆడినవారికి లాభం కలగలేదు. వైకుంఠపాళి పటం ఉన్న ఇంట్లో ఇందుకు కొత్తగా చేయవలసింది ఏమీ లేదు, కాయ జరిపేటప్పుడు 'ఒకటి, రెండు, మూడు' అని మళ్లీ మొదటి నుంచి కాక 'పదిహేడు, పద్దెనిమిది, పందొమ్మిది' అని గడి పేరే పలికించడం తప్ప.

కుదుదండ్ బిడ్డ రెండు వరుసలూ నూరు దగ్గర కలుస్తాయి. 'వంద' అన్నా 'సౌ' అన్నా ఆ తర్వాతి మాట ఇక దాచిపెట్టేది కాదు. నూట ఒకటి, ఏక్ సౌ ఏక్, రెండూ ఒకే తీరున అతుకులు చూపిస్తాయి. అయితే నూట ముప్పై ఎనిమిది దాటి తర్వాతి మాట కోసం వెతికేటప్పుడు, తెలుగులో 'నూట ముప్పై తొమ్మిది' వచ్చినంత తేలికగా హిందీలో 'ఏక్ సౌ ఉన్‌తాలీస్' రాదు, అంతకుముందు నూరు లోపల ఆ 'ఉన్‌తాలీస్'ను ఎప్పుడో ఒకసారి విడిగా కంఠతా పట్టి ఉంటే తప్ప.